విదేశ విద్యకు వెళ్ళు మన బిడ్డలు: బయలుదేరుటకు ముందు

(శతవార్షికోత్సవ సందర్భమున హనుమకొండలో జరిగిన విద్యార్థుల, తలిదండ్రుల కూటములో ఇచ్చిన ప్రసంగ పాఠము)



ఈ కూటమునకు మమ్మును పిలిచిన పెద్దలు "అయ్యగారూ, పిల్లలను కాస్త ప్రోత్సహించండి" అని చెప్పినారు. ప్రోత్సాహమునకు మన ఊరిలో కొదువ లేదు. హనుమకొండ చౌరస్తా నుండి సుబేదారి వరకు నడచి వెళ్ళినయెడల గోడల మీదను మేడల మీదను ప్రోత్సాహమే కనబడును. విమానము బొమ్మ, నల్ల టోపీ పెట్టుకొని నవ్వుచున్న ఆడపిల్ల బొమ్మ, క్రింద ఫోను నంబరు. కాబట్టి మేము ప్రోత్సహించుటకు రాలేదు. ఆపుటకును రాలేదు. బయలుదేరుటకు ముందు ఇంటిలో కూర్చుండి చేయవలసిన పని కొంత ఉన్నది. దానిని గూర్చి మాటలాడుటకు వచ్చినాము.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కుటుంబము రాత్రి తొమ్మిది గంటలవేళ పార్సనేజికి వచ్చినది. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి. కుమారుడు బి.టెక్. ముగించినాడు. మరునాడు హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూ. ప్రార్థన చేయించుకొనుటకు వచ్చినారు. మాటల మధ్య తల్లి అన్నది: "బ్యాంకుల పైసలు కన్సల్టెన్సీ వాళ్ళే చూపిస్తరంట అయ్యగారూ, దానికి వడ్డి వేరే కట్టాలె." ఆ మాట మేము విన్నాము. విని, తల వంచి, ఆ అధికారి కన్నులలో బిడ్డకు దయ దొరకవలెనని ప్రార్థన చేసినాము. ఆ పైకము ఎవరిది, రెండవ సెమిస్టరు ఫీజు ఎక్కడనుండి వచ్చునని అడుగలేదు. వీసా వచ్చినది. ఆదివారము ఆరాధనలో కృతజ్ఞతార్పణ ఇచ్చినారు, మేము స్తుతించినాము. ఆ కుటుంబము సంగతి మరల చివర చెప్పెదము.

చదువుకొరకు దేశము విడుచుట మన వరంగల్లుకు కొత్త కాదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు పండిత నెహ్రూ పునాదిరాయి వేసినారు. ఆ యేటనే కాకతీయ వైద్య కళాశాల ఆరంభమైనది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఆర్.ఇ.సి. 2002లో ఎన్.ఐ.టి. అయినది గాని మన పెద్దల నోట ఇప్పటికిని ఆర్.ఇ.సి.యే. ఆ కాలమున అమెరికా వీసాకు మద్రాసు పోవలసియుండెను. కాజీపేటలోనో వరంగల్లులోనో రైలెక్కి, రాత్రంతయు ఫైలు తలక్రింద పెట్టుకొని పండుకొనేవారు. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో తెరచినారు. 2023లో అది బేగంపేటనుండి నానక్‌రామ్‌గూడకు మారినది. దారి దగ్గరైనది, వెళ్ళువారు పెరిగినారు. 2023-24 విద్యా సంవత్సరమున అమెరికాలో చదువుచున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. పదిహేను సంవత్సరములలో మొదటిసారిగా చైనాను దాటిన సంఖ్య అది. అందులో తెలుగువారి వాటా చిన్నది కాదని మన వీధి వీధికిని తెలియును.

పూర్వము ఎట్లు వెళ్ళినారో ఒక్క ఉదాహరణ చెప్పెదము. భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల తొలి సంవత్సరములలో హార్వర్డుకు వెళ్ళినారు. మామగారు పైకము కూర్చినారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయమునకు మాట ఇచ్చినది. అనగా ఒక మనిషిని పంపుటకు ఒక ఇల్లు, ఒక ఊరు కలిసి పూనుకొన్నవి. బోస్టనులో ఆయన ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనిచేసి చదువుకొన్నారు. తరువాత ఫోలిక్ ఆమ్లమును తయారుచేయుటలోను, క్యాన్సరు మందులకు దారి తీసిన పరిశోధనలోను, ఆరియోమైసిన్ విషయములోను ఆయన పని లోకమెరిగినదే. ఇదంతయు పాఠ్యపుస్తకములలో ఉన్నది. ఉపన్యాసములలో తక్కువగా చెప్పునది మరొకటి. ఆయన మరల ఇండియాకు రాలేదు. 1948లో అక్కడనే కన్ను మూసినారు. ఇక్కడ భార్య ఎదురుచూచుచునే ఉండెను. ఆయనను తక్కువ చేయుటకు కాదు ఇది చెప్పుట. పంపువారు కూడ సిద్ధపడవలసియున్నదని, గొప్పవాని ఇంటనే ఆ సిద్ధపాటు చాలలేదని చెప్పుచున్నాము.

ఇక లెక్కకు వచ్చెదము. సంఘములో లెక్క మాటలాడుట మర్యాద కాదని కొందరనుకొందురు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని మన ప్రభువే చెప్పినాడు గనుక మాకు సంకోచము లేదు.

ముప్పది లక్షల అప్పు అనుకొందము. వడ్డీ నూటికి సాలుకు పది అనుకొందము. సాలుకు మూడు లక్షలు, అనగా నెలకు ఇరువది ఐదు వేలు, వడ్డీ మాత్రమే. చదువు రెండేండ్లు, ఆ తరువాత ఒక ఏడు వాయిదాలకు సెలవు ఇచ్చెదరు. వాయిదాకు సెలవు గాని వడ్డీకి సెలవు లేదు. మూడేండ్లలో తొమ్మిది లక్షలు పెరిగి అసలు ప్రక్కన కూర్చుండును. అల్పసంఖ్యాకుల పిల్లల విదేశ విద్యా ఋణముల వడ్డీలో సహాయము చేసిన కేంద్ర ప్రభుత్వపు 'పఢో పర్‌దేశ్' పథకము 2022-23 నుండి నిలిచిపోయినది. ఇప్పటికిని దాని పేరు చెప్పి దరఖాస్తు ఫీజు వసూలు చేయువారున్నారు, జాగ్రత్త.

అప్పు రూపాయలలో, ఫీజు డాలర్లలో. 2011 ఆరంభమున డాలరు దాదాపు 45 రూపాయలు. 2023 చివరకు 83. ఇరువది వేల డాలర్ల ఫీజు అప్పుడు తొమ్మిది లక్షలు, 2023 చివరకు పదహారున్నర లక్షలు దాటినది. రెండేండ్ల చదువుకు మొదటి ఏటి ధర చూచి అప్పు తీసుకొన్నవాడు రెండవ ఏట చిక్కుబడును. మా సలహా ఏమనగా లెక్క వేయునప్పుడే డాలరుకు అయిదారు రూపాయలు ఎక్కువ వేసుకొనవలెను.

ఏడున్నర లక్షలు దాటినయెడల జాతీయ బ్యాంకులు సాధారణముగా ఇల్లో భూమియో హామీ అడుగును. ఇక్కడ మనవారిలో అనేకుల కష్టము మొదలగును. మన సంఘస్థుల చేతనున్న భూమి చాలవరకు లావుణి పట్టా. 1977 నాటి చట్టము ప్రకారము అది అమ్మరాదు. అట్టి భూమిని సాదాబైనామా మీద వ్రాసి ఇచ్చి, మూడు రూపాయల వడ్డీకి పైకము తెచ్చినవారిని మేమెరుగుదుము. నూటికి నెలకు మూడు అనగా సాలుకు ముప్పది ఆరు. బ్యాంకు పదికే నిద్రపట్టనివాడు ముప్పది ఆరుకు ఎట్లు నిద్రించును? పిల్లవాడు అక్కడ అన్నము మానుకొని పంపినను అది తీరదు. మూడు రూపాయల వడ్డీ పైకముతో విదేశ చదువు వద్దు. మా మాటలలో గట్టిగా చెప్పునది ఇదియొక్కటే.

సహాయ పథకములు ఉన్నవి. తెలంగాణ ప్రభుత్వము షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలకు అంబేద్కర్ పేరను, వెనుకబడిన తరగతులవారికి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరను విదేశ విద్యానిధులు పెట్టినది. క్రైస్తవులు మొదలగు అల్పసంఖ్యాకులకు ముఖ్యమంత్రి విదేశ విద్యా ఉపకార వేతనము 2015లో వచ్చినది. ఇరువది లక్షల వరకు, విడతలుగా. కుటుంబ ఆదాయమునకు పరిమితి ఉన్నది. మంచిదే, దరఖాస్తు పెట్టుడి. అయితే ఆ పైకము ఫలాని తేదీకి చేతికి వచ్చునని నమ్మి మొదటి ఫీజు కట్టుదమనుకొనరాదు.

ఇక్కడ ఒక కష్టమైన మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులమునుండి క్రైస్తవుడైనవానికి ఆ హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు, మనలను చేర్చలేదు. మన రాష్ట్రములో మనము బి.సి.-సి. ఇది అన్యాయమని మన సంఘములు ఏండ్ల తరబడి మొరపెట్టుచునే ఉన్నవి. ఆ అన్యాయము వలన ఇంటిలో ఒక పేరు, కళాశాలలో మరొక కాగితము కలిగి బ్రతుకుట మనవారికి అలవాటైనది. వారిని తీర్పు తీర్చుటకు మేము నిలువలేదు. ఆకలి ఎరిగినవాడు రాయి వేయడు. అయితే బిడ్డ విదేశమునకు వెళ్ళునప్పుడు కాగితములన్నియు ఒకే బల్ల మీద పరచబడును. కులపత్రము, పాఠశాల మెమో, పాస్‌పోర్టు, బ్యాంకు కాగితము, మనమిచ్చు బాప్తిస్మపు పత్రము సహా. ఒక కాగితము మరొకదానిని అబద్ధికునిగా చేసినయెడల జవాబు చెప్పవలసినది ఇరువది రెండేండ్ల పిల్లయే, తల్లి కాదు, తండ్రి కాదు. దరఖాస్తుకు ముందే ఆ సంగతి ఇంటిలో పెద్దలు మాటలాడి తీర్చుకొనవలెను. క్రైస్తవులుగా మనకున్న తలుపు తట్టుటకు సిగ్గుపడనక్కరలేదు.

పేర్ల సంగతి కూడ ఇక్కడనే చెప్పుదము. బాప్తిస్మపు రిజిస్టరు మా చేతిలోనే ఉండును గనుక ఈ బాధ మాకు బాగుగా తెలియును. రిజిస్టరులో దయాకర్ సామ్యేలు, పాఠశాల మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరముతో ఎస్. దయాకర్, ఆధార్‌లో దయాకరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, లేదా పేరంతయు ఇంటిపేరు గడిలోనే. అట్టివారికి అమెరికా వీసాలో మొదటి పేరు స్థలమున ఎఫ్.ఎన్.యు. అని వేయుదురు. మొదటి పేరు తెలియదని దాని అర్థము. యాజకుడు నీళ్ళు చల్లి, సంఘమంతయు వినగా పెట్టిన పేరు, సముద్రము దాటగానే తెలియని పేరైనది! ఒక పిల్లవాడు ఫోనులో నవ్వుచు "అయ్యగారూ, ఇక్కడ నన్ను ఫ్నూ అని పిలుస్తున్నారు" అన్నాడు. నవ్వవచ్చును గాని బ్యాంకు ఖాతాకు, డ్రైవింగు లైసెన్సుకు తిరిగి తిరిగి వానికి ఏడుపు వచ్చినది. పాస్‌పోర్టు తీయుటకు ముందే, పదవ తరగతి మెమో చూచుకొని రెండు గడులు సరిగా నింపుడి. మరొక మాట. రిజిస్టరులో పేరు దిద్దుమని మా యొద్దకు వచ్చుచున్నారు. దిద్దము. మెమోలో ఉన్న పేరును, రిజిస్టరులోని పేరును ఒకే మనిషివని వేరుగా ఉత్తరము వ్రాసి ఇచ్చెదము. తాతల కాలపు రిజిస్టరులో కొట్టివేతలు చేయుటకు మాకు చేయి రాదు.

ఇప్పుడు విశ్వవిద్యాలయము ఎన్నిక. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అనుదానిమీద అధికారులు దాడిచేసినారు. పదిహేను వందలకు మించిన విద్యార్థులు, నూటికి తొంబది అయిదుగురు భారతీయులు, అందులో మన తెలుగు పిల్లలు అనేకులు. సగము మందికి పైగా విద్యార్థుల చిరునామాగా సన్నీవేల్‌లోని ఒకే ఒక అపార్టుమెంటును కాగితములలో చూపినారు. కొందరు పిల్లల కాళ్ళకు పశువులకు కట్టినట్లు ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టినారని తెలిసి దేశమంతయు ఉడికిపోయినది. అప్పటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణగారు అభ్యంతరము చెప్పినారు. ఆ సంస్థ నడిపిన స్త్రీకి 2014లో పదహారేండ్లకు మించిన శిక్ష పడినది. పిల్లల ఫీజు, కాలము మాత్రము ఎవరును తిరిగి ఇయ్యలేదు.

అంతటితో మనకు బుద్ధి వచ్చినదా? 2019 జనవరి చివర మిషిగన్ రాష్ట్రములో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతి బయటపడినది. ఇది ఇంకను విచిత్రము. ఆ విశ్వవిద్యాలయమును నడిపినది అమెరికా ప్రభుత్వపు ఇమ్మిగ్రేషను శాఖవారే, మారువేషములో. దళారులను పట్టుకొనుటకు వేసిన వల అది. దాదాపు ఆరువందల మంది చేరినారు. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. పిల్లలను చేర్పించినందుకు ఎనిమిది మంది మీద కేసు పెట్టినారు. వారిలో తెలుగువారే ఎక్కువ. అదియే మనకు ముల్లు. మనవారే మనవారిని తోడుకొని వెళ్ళినారు.

ఇందులో న్యాయమెంత అని అడుగవచ్చును. గుర్తింపు జాబితాలో దాని పేరు పెట్టి, వెబ్‌సైటు తెరచి, ఫీజు తీసుకొని, తరువాత విద్యార్థిని పట్టుకొనుట ధర్మమా? మాకును సందేహమే. అమెరికాలోనే అనేకులు ఆ ప్రశ్న వేసినారు. అయితే ఆ పిల్లలు చూడదగినది ఒకటున్నది. అక్కడ తరగతి లేదు. పాఠము చెప్పువాడు లేడు. కాబట్టి జాబితాలో పేరున్నంత మాత్రమున చాలదు. తలిదండ్రులారా, మీకు ఇంగ్లీషు రాకున్నను ఒక ప్రశ్న అడుగగలరు: "బిడ్డా, సోమవారము నీకు ఎన్ని గంటలకు తరగతి? చెప్పే సారు పేరేంది?" దీనికి జవాబు లేని విశ్వవిద్యాలయములో చదువు లేదు. బయలుదేరుటకు ముందును, వెళ్ళిన నెలకును ఇదే అడుగుడి.

వీసా కిటికీ దగ్గర అబద్ధమునకు ఆ దేశపు చట్టములో వెల ఎంతో మనవారికి తెలియదు. మోసపు కాగితము చూపినట్లు తేలినయెడల జీవితకాలము ప్రవేశము లేకుండ చేయవచ్చును. మన కార్యాలయములలో జరిమానా కట్టి బయటపడు అలవాటు అక్కడ పనికిరాదు. పని విషయమును అట్లే. విద్యార్థి వీసా మీద సెమిస్టరు జరుగు కాలమున వారమునకు ఇరువది గంటలు, అదియు విశ్వవిద్యాలయ ఆవరణలోనే. వెలుపల పెట్రోలు బంకులో నగదుకు పని చేయుదునని, దానితో ఫీజు కట్టుదునని లెక్క వేసికొని పోవువాడు లేని పైకమును లెక్కలో వ్రాసికొనుచున్నాడు.

వైద్య విద్యకు వెళ్ళువారిని గూర్చి రెండు మాటలే. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధము మొదలైన దినములలో మన జిల్లా తల్లులు మా గుమ్మమున కూర్చుండి టీ.వీ. చూచినది మరచిపోలేము. ప్రభుత్వము 'ఆపరేషన్ గంగ' పేరను పిల్లలను తెచ్చినది. యుద్ధము అరుదు. అరుదు కానిది పరీక్ష. విదేశములో ఎం.బి.బి.ఎస్. చదివి వచ్చినవారు ఇక్కడ వ్రాయవలసిన పరీక్షలో 2024 జూన్ విడతలో ఉత్తీర్ణులైనది నూటికి దాదాపు 21 మంది. 2021 నవంబరు నిబంధనల ప్రకారము చదువు 54 నెలలకు తగ్గరాదు, ఇంగ్లీషులోనే జరుగవలెను, పండ్రెండు నెలల ఇంటర్న్‌షిప్పు ఆ దేశములోనే చేయవలెను. ఏజెంటు ఈ మూడింటిని కాగితము మీద వ్రాసి ఇచ్చునా అడుగుడి. ఇయ్యనియెడల లేచి రండి.

ఇప్పుడు పిల్లలతో.

అన్నము వండుట నేర్చుకొనుడి. నవ్వులాట కాదు. కుక్కరు విజిలు లెక్క తెలియని మగపిల్లలు ఈ వరుసలలోనే ఉన్నారు, ఎవరో మాకు తెలియును. వెళ్ళుటకు ముందు మూడు నెలలు ఇంటిలో వారమునకు రెండు రోజులు మీరే వండవలెను, బట్టలు మీరే ఉతుకవలెను. పుచ్చిన పళ్ళు ఇక్కడనే చూపించుకొనుడి. అక్కడ విద్యార్థి బీమాలో పంటికి, కంటికి తరచుగా చోటుండదు. కళ్ళజోడు రెండవది చేయించుకొనుడి. చిన్ననాటి టీకాల కాగితము వెదకుడి, దొరకకున్న మరల వేయించుకొని వ్రాయించుకొనుడి. విశ్వవిద్యాలయమునుండి ట్రాన్‌స్క్రిప్టులు ఒకటికి మూడు ప్రతులు, సీలు వేసిన కవర్లలో, పరీక్షల విభాగములో వరుస పొడుగుకాక ముందే తీసుకొనుడి. ఊరగాయ కంటె ఇవి ముఖ్యము. అయినను అమ్మలు ఊరగాయయే ముందు సర్దుదురు.

రికార్డు వ్రాయుట అను పని మన కళాశాలలలో ఎట్లు జరుగునో మీకు తెలియును. సీనియరు రికార్డు ముందు పెట్టుకొని, బొమ్మలతో సహా దించుట. మేమును చదువుకొన్న దినములలో దించినవారమే. అధ్యాపకుడు ఎర్ర సిరాతో సంతకము చేయును. ఇక్కడ అది తప్పని ఎవరికిని తోచదు. అక్కడ అదే పని దొంగతనము. మొదటిసారి సున్న, రెండవసారి కళాశాలనుండి వెళ్ళగొట్టుట వరకు పోవును. కళాశాల పోయినయెడల వీసా పోవును. ఒక అమ్మాయి మాతో చెప్పినది, స్నేహితురాలికి సహాయము చేయుదమని తన జవాబులు పంపితే ఇద్దరినీ పిలిచినారట. "మనలో అది ప్రేమ, అయ్యగారూ. వాళ్ళలో అది నేరమట" అన్నది. ఈ ఏడాదినుండే సొంతముగా వ్రాయుట అలవాటు చేసుకొనుడి, మార్కులు తగ్గినను సరే. తెలియనిది తరగతిలో చేయెత్తి అడుగుట అలవాటు చేసుకొనుడి. మన తరగతులలో అడిగినవానిని అధికప్రసంగి అందురు. అక్కడ అడుగనివానికి ఏమియు రాదనుకొందురు.

పరదేశిగా బ్రతుకుటకు మన తెలుగు సంఘ చరిత్రలోనే ఒక మాదిరి ఉన్నది. బిషప్ అజరయ్యగారు తెలుగువారు కారు. తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. 1909లో దోర్నకల్‌కు వచ్చినారు. అన్నము వేరు, నీళ్ళు వేరు, మాట వేరు. మన భాష నేర్చుకొన్నారు, మన పల్లెలలో తిరిగినారు. మరుసటి ఏట ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో తెల్ల దొరల ఎదుట నిలువబడి, మీరు ధనము, శ్రమ ఇచ్చినారు, మాకు స్నేహము కావలెనని అడిగినారు. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయినారు. మన పిల్లలు వెళ్ళునది సభకు కాదు, చదువుకు. అయినను ఆయన నిలువబడిన తీరు చూడదగినది. మన పిల్లలు అక్కడ అయిదుగురు తెలుగువారు ఒక గదిలో, తెలుగు సినిమా, తెలుగు కూర, తెలుగు తగవులతో రెండేండ్లు గడిపి వచ్చుచున్నారు. ఆ అయిదుగురు కావలెను, జ్వరము వచ్చిననాడు గంజి కాచునది వారే. ఆరవవాడొకడు పరభాషవాడు కూడ స్నేహితుడై ఉండవలెను. మనస్సు క్రుంగినప్పుడు విశ్వవిద్యాలయములో మాటలాడుటకు సలహాదారులుందురు, చాల చోట్ల విద్యార్థులకు వేరే ఫీజు ఉండదు. వారియొద్దకు పోవుట పిచ్చితనము కాదు. ఇంటికి ఫోనులో "బాగున్న" అని చెప్పి గదిలో ఏడ్చు పిల్లలు మాకు తెలియును.

ఆడపిల్లల సంగతి. పెండ్లి చేసి పంపుదమని కొందరు, పంపితే పెండ్లి కాదని కొందరు. మగపిల్లవానికి వీసా వచ్చిన వారమునకే కట్నము రేటు మారుట మన సంఘములలోనే చూచుచున్నాము. చదువు అప్పు తీర్చుటకు కోడలి తండ్రి దగ్గర వసూలు చేయుదమను ఆలోచన కొన్ని ఇండ్లలో లెక్కలో భాగమైయున్నది. మేము ఆ వివాహములకు ప్రకటన చదువవలసివచ్చినప్పుడు మాకు గొంతు పెగలదు. ఇంతకన్న ఇక్కడ చెప్పము. ఆ తండ్రులు ఈ సభలోనే ఉన్నారు.

ఇప్పుడు ఆ రైల్వే ఉద్యోగి కుటుంబము. పిల్లవాడు వెళ్ళినాడు. చూపించిన పైకము చూపించినంతలోనే వెనుకకు పోయినది. మొదటి సెమిస్టరు ఎట్లో కట్టినారు. రెండవదానికి లేదు. పిల్లవాడు ఇంటికి చెప్పలేదు. చదువు విడిచి ఒక దుకాణములో పనికి చేరినాడు. వీసా హోదా పోయినది. నెలకు కొంత పంపుచునే ఉన్నాడు, అందుచేత తల్లి సంఘములో తల ఎత్తుకొనియే తిరిగినది. నాలుగేండ్లకు తండ్రి చనిపోయినాడు. ఐస్ పెట్టె తెప్పించినారు. కొడుకు వచ్చునని రెండు దినములు ఉంచినారు. బంధువులు విమానము ఎప్పుడని అడుగుచుండిరి. రెండవ రాత్రి వాడు మాకు ఫోను చేసి, వచ్చినచో మరల పోలేనని, అప్పు ఇంకను పదునాలుగు లక్షలున్నదని, అమ్మకు మీరే చెప్పండని అన్నాడు. మేము చెప్పినాము. మరునాడు సమాధి దగ్గర ఒక మేనల్లుడు ఫోను ఎత్తి పట్టుకొన్నాడు. మేము మంటికి మన్ను అని పలుకుచుండగా ఆ ఫోనులోనుండి ఏడుపు అందరికిని వినబడినది.

అప్పటినుండి వీసా ప్రార్థనకు వచ్చువారిని ముందు కూర్చుండబెట్టి అడుగుచున్నాము. పైకము ఎవరిది? రెండవ ఏటి ఫీజు ఎక్కడిది? ఇంటిలో మరణము జరిగినయెడల ఏమి చేయుదురు, రావలెనా, రాకున్నను పరవాలేదా, ఇది తండ్రి నోటనే బిడ్డ వినినదా? మూడవ ప్రశ్నకు కొందరు "శుభమా అని బయలుదేరుతుంటే ఇవేం మాటలయ్యగారూ" అని నొచ్చుకొనుచున్నారు. నొచ్చుకొన్నను అడుగుచున్నాము. ఆ మాట ముందుగా అనుకొన్న ఇంటిలో, పెట్టె చుట్టు కూర్చుండి కొడుకును నిందించువారుండరు.

ఒక కుటుంబము మా ప్రశ్నలకు కోపపడి లేచి వెళ్ళినది. వేరొక చోట ప్రార్థన చేయించుకొన్నారు. వీసా వచ్చినది. పిల్ల ఇప్పుడు అక్కడ చదువుచున్నది, ఆదివారములు తల్లి మా ముఖము చూడదు. ఆ బిడ్డ పేరు మేము ప్రతి వారము ప్రార్థనలో తలంచుచునే ఉన్నాము.

ప్రతి నెల మొదటి శనివారము సాయంత్రము నాలుగు గంటలనుండి పార్సనేజి వరండాలో కూర్చుండెదము. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకొన్న మన సంఘ పెద్ద ఒకరు లెక్కలు చూచుటకు ఒప్పుకొన్నారు. అమెరికాలో చదివి తిరిగి వచ్చిన ఇద్దరు కాగితములు చూచెదరు. రుసుము లేదు. పదవ తరగతి మెమో, పాస్‌పోర్టు, అప్పు కాగితము తెచ్చుకొనుడి. తండ్రి, తల్లి, బిడ్డ, ముగ్గురును రావలెను.